ఎవరి సంతకం వారే పెట్టాలి

నా ఇఖామా మీద రాసిన ఉద్యోగం ఒకటి, నేను చేసిన ఉద్యోగం మరొకటి. ఆ నివాస అనుమతి పత్రం ప్రకారం నేను కువైట్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో రికార్డుల గుమాస్తాను. వారానికి ఆరు రోజులు రోగుల ఫైళ్లకు అంకెలు వేసి, ఆ అంకెల వరుసలో బీరువాలో పెట్టేదాన్ని. ఏడో రోజు శుక్రవారం. ఆ రోజు చర్చి ఆవరణ వెనుక ఉన్న రేకుల హాలులో, మా సంఘం పంపిన వాలంటీరుగా, భార్యాభర్తలను ఒకచోట కూర్చోబెట్టేదాన్ని. దానికి జీతం లేదు. ఇరవై ఆరేళ్లు చేశాను. నా వృత్తి అని చెప్పుకోదగినది అదే.

ఈ మధ్య గల్ఫ్ దేశాలకు వెళ్లబోయే కొత్త వాలంటీర్లకు పాఠం చెప్పమని నన్ను పిలిచారు. పన్నెండు మంది వచ్చారు. ముస్లిం దేశంలో కుటుంబ సేవ ఎలా చేయాలో, ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో నలభై తొమ్మిది నిమిషాలు చెప్పాను. చివర ఒక అమ్మాయి లేచి, మీరు చేసిన అతి పెద్ద తప్పు ఏమిటని అడిగింది. సమయం అయిపోయిందని చెప్పి కూర్చున్నాను. గంట పాఠానికి ఇంకా పదకొండు నిమిషాలు ఉన్నాయి.

అప్పటినుంచి నాకు స్థిమితం లేదు. ఆ పదకొండు నిమిషాల్లో చెప్పవలసినదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

గంట అంటే అరవై నిమిషాలు

ముందుగా పని ఏమిటో చెప్పాలి. కువైట్‌లో మన గోదావరి జిల్లాల క్రైస్తవ దంపతులు చాలామంది ఒకే దేశంలో ఉండి కూడా రెండు కప్పుల కింద బతికేవారు. భార్య ఒక అరబ్బు ఇంట్లో పనిమనిషి. ఆమె పడక ఆ ఇంటి మేడ మీదో, వంటింటి పక్కనో ఉండేది. భర్త షువైఖ్ రేవు దగ్గర గోదాములో హమాలీయో, లారీ డ్రైవరో. అతని మంచం ఎనిమిది మంచాల గదిలో ఒకటి. ఇద్దరూ కలుసుకుని కూర్చోవడానికి ఊళ్లో చోటు లేదు. రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుకుంటే పోలీసు వచ్చి కాగితాలు అడుగుతాడు. అలాంటివారికి మేము శుక్రవారం సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు ఒక బల్ల, రెండు కుర్చీలు ఇచ్చేవాళ్లం. 'శుక్రవారపు గంట' అని దానికి పేరు.

నియమాలు మూడే. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తినాలి. మొదటి పావుగంట కఫీల్ మాట, అంటే తమను పనిలో పెట్టుకున్న యజమాని మాట, ఎత్తకూడదు. లోపలికి రాగానే ఇద్దరూ రిజిస్టరులో సంతకం పెట్టాలి.

రెండో నియమం వినగానే అందరూ నవ్వేవారు. అమలు చేసేసరికి మాటలు దొరకక డబ్బా వంక చూస్తూ కూర్చునేవారు. కఫీల్ లేకుండా పావుగంట మాట్లాడుకోవడం ఒక జంటకు అలవడాలంటే సాధారణంగా నాలుగు శుక్రవారాలు పట్టేది. గడియారం ముందు పెట్టుకుని చూసే చెబుతున్నాను.

మమ్మల్ని మిషనరీలు అనేవారు. మతప్రచారం మాత్రం మా పని కాదు. ఆవరణ గేటు దాటాక మతం గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. సంచిలో బైబిలు ఉంటే సంచి మూసి ఉండాలి. నా కాలంలో ఇద్దరు యువ వాలంటీర్లు దీన్ని పిరికితనం అనుకుని చుట్టుపక్కల ఇళ్లలో కరపత్రాలు పంచారు. వారిని వెనక్కి పంపాలని సిఫారసు రాసింది నేనే. ఈనాటికీ ఆ సిఫారసు సరైనదే అంటాను. మన ఉత్సాహానికి శిక్ష మనకు పడదు. మరుసటి శుక్రవారం సెలవు దొరకని పనిమనిషికి పడుతుంది.

ఐదు శుక్రవారాలు

సంతకం నియమం ఎలా వచ్చిందో వివరంగా చెప్పాలి, తరువాతదంతా దానిమీదే నడిచింది కాబట్టి.

మా పై అధికారి సంఘ కాపరి దానియేలు అయ్యగారు. ఆయనకు కాగితమంటే గిట్టదు. ఏ దంపతులకు ఎందరు పిల్లలో, ఏ పిల్ల ఏ తరగతిలో ఉందో నోటితో చెప్పేవారు. నేను చేరిన కొత్తలో రిజిస్టరు పెడదామంటే, "మనుషుల్ని చూడు రత్నమ్మా. కాగితం చూత్తా కూచుంటే మనుషులు కనబడరు" అన్నారు. నేను రిజిస్టరు పెట్టలేదు.

ఆ ఏడాది ఒక భర్త వరసగా ఐదు శుక్రవారాలు ఒంటరిగా వచ్చాడు. భార్యకు ఆ ఇంట్లో పని ఎక్కువైందని, మనిషి బాగానే ఉందని, ఫోనులో మాట్లాడుతూనే ఉన్నానని చెప్పాడు. అయ్యగారు నమ్మారు. ఆరో వారం అసలు సంగతి తెలిసింది. ఆ ఐదు వారాలూ ఆమెను గదిలో పెట్టి బయట గడియ వేశారు. భర్తకు అది తెలియదు. అతను ఫోనులో మాట్లాడుతున్నది ఆ ఇంటి వంటమనిషితో. పెళ్లాంతో మాట్లాడనివ్వడం లేదని నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడి, ఆమె తరఫున తానే బాగుందని చెబుతూ వచ్చాడు.

ఆ తరువాత రిజిస్టరు నా చేతికి వచ్చింది. ఎవరి సంతకం వారే పెట్టాలి, మరొకరి తరఫున పెట్టడానికి వీల్లేదు. ఒక గడి ఖాళీగా కనిపిస్తే మరుసటి రోజు నేను ఆ మనిషి ఉండే చోటికి ఫోను చేసేదాన్ని. రెండేళ్లలో ఈ పద్ధతి వల్ల ముగ్గురు ఆడవారి కష్టం వారం తిరగకుండా బయటపడింది. నియమం మంచిదని నమ్మడానికి ఆ అంకె నాకు చాలింది.

సువార్త, ఏసోబు

వీరిది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. సువార్త సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఏసోబు షువైఖ్‌లో లారీ నడిపేవాడు. హాలులో ఆమె ఎప్పుడూ అతని ఎడమ పక్క కుర్చీలో కూర్చునేది. ఆమె మాట్లాడేది, అతను వినేవాడు. అతను రేవు నుంచి వేయించిన చందువ చేప డబ్బాలో తెచ్చేవాడు.

"మీ షువైఖులో ఉప్పు దొరకదాండీ?" అని ఆమె అడిగేది.

"ఉందిగా."

"సముద్రంలో ఉన్నది లెక్కెయ్యకండి."

ఏసోబు వేలిముద్ర మనిషి. నేను వేలిముద్ర ఒప్పుకోలేదు. అది ఎవరి వేలో చూసి చెప్పగల విద్య నాకు లేదు. అందుకని సువార్త ఆ గంటలోనే అతనికి సంతకం నేర్పింది. తొమ్మిది శుక్రవారాలు పట్టింది. మొదటి రెండు అక్షరాలు కుదిరాయి గాని, చివరి 'బు' కొమ్ము ఎప్పుడూ గీత కిందికి జారిపోయేది. "అది ఎద్దు తోక కాదండీ బాబూ, పైకి తిప్పండి" అని ఆమె నవ్వేది. అతను బస్తా ఎత్తుతున్నంత జాగ్రత్తగా పెన్ను ఎత్తేవాడు. కొమ్ము కిందికే జారేది.

మూడో నెలలో ఆమె యజమానురాలు స్వయంగా హాలుకు వచ్చింది. అక్కడి ఆనవాయితీ ప్రకారం సువార్త ఆమెను 'మామా' అనేది. తన పనిమనిషి ప్రతి శుక్రవారం ఎక్కడికి పోతోందో కళ్లారా చూడాలని వచ్చిందట. ఒళ్లంతా కప్పే నల్లని అబాయాలో బల్లల మధ్య ఒక చుట్టు తిరిగి, రిజిస్టరు పేజీలు తిప్పి, వీళ్లంతా నిజంగా మొగుడూ పెళ్లాలేనా, గంటసేపు ఏం చేస్తారని అడిగింది. తింటారు, మాట్లాడుకుంటారు అని నాకు వచ్చిన అరబ్బీలో చెప్పాను. ఆమె తన భర్త రోజూ సాయంత్రం దివానియా అనే మగవాళ్ల చావడిలో కూర్చుంటాడని, ఆయన్ని కూడా వారానికి ఒక గంట ఇక్కడ కట్టివేయడానికి వీలవుతుందా అని అడిగింది. నవ్వకుండానే అడిగింది. ఆ తరువాత సువార్తకు ఒక్క శుక్రవారం తప్పలేదు.

అక్కడివారికి కుటుంబ విలువలు నేర్పుదామని బయలుదేరేవారికి నేను ఈ సంగతి చెబుతాను. సంసారం గురించి మామాకు నా దగ్గర నేర్చుకోవలసింది ఏమీ లేదు. ఆమెకు మా దగ్గర కనిపించి, తన ఇంట్లో లేనివి బల్ల, రెండు కుర్చీలు.

ఒకటో రోజు

1990 ఆగస్టు 2, గురువారం, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. దాన్ని ఒకటో రోజుగా పెట్టుకుని లెక్కించడం మొదలుపెట్టాను.

రెండో రోజు శుక్రవారం. పందొమ్మిది జంటలు రావలసిన హాలుకు మూడు జంటలు వచ్చాయి. రిజిస్టరులో ముప్పై రెండు గడులు ఖాళీ. నా నియమం ప్రకారం ముప్పై రెండు చోట్లకు ఫోను చేయాలి, చేశాను. దేశం బయటికి ఫోన్లు లేవు గాని ఊళ్లో ఇంకా మోగుతున్నాయి. తొమ్మిది చోట్ల ఎత్తారు. అందులో సువార్త ఒకతె.

పదో రోజున మామా కుటుంబం ఎడారి దారిన సౌదీకి వెళ్లిపోయింది. కారులో చోటుంది రమ్మని మామా రెండుసార్లు పిలిచిందట. "ఆయన్నొదిలి ఎలా వత్తానండీ అన్నాను" అని సువార్త నాకు ఫోనులో చెప్పింది. మామా ఆమె పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టి, ఏసోబు వస్తే అతన్నీ లోపలే ఉంచుకోమని, ఎవరు కొట్టినా తలుపు తీయవద్దని చెప్పి తాళాలు ఇచ్చి వెళ్లింది.

ఏసోబు మాత్రం రాలేదు. పన్నెండో రోజున మరో డ్రైవరు ద్వారా తెలిసింది, సైనికులు అతని లారీని పట్టుకుని అతని చేతే నడిపిస్తున్నారని. అక్కడినుంచి నాకు ఒకటే పని మిగిలింది. ఆ ఇద్దరినీ కలిపి దేశం దాటించాలి.

ఇరవైనాలుగో రోజు

భారతీయులను బస్సుల్లో బాస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేర్చి, అక్కడ విమానం ఎక్కించే ఏర్పాటు మొదలైంది. ప్రాంతాలవారీగా మనవారే కమిటీలు వేసుకుని బస్సులు మాట్లాడారు. మా హాలు వంతుకు ఒక బస్సు వచ్చింది. యాభై రెండు సీట్లు. జాబితా రాసే పని నాది.

నేను కాగితం మీద గడులు గీశాను. చివరి గడి సంతకానికి. అయ్యగారు చూసి, ఇప్పుడు కూడా సంతకాలెందుకని అడిగారు. అంతకు రెండు రోజుల ముందు ఒకతను తన తమ్ముడి భార్య పేరు ఆమెకు చెప్పకుండానే వేరే జాబితాలో రాయించాడు. ఆ సీటు వృథా అయింది. ఆ ఉదాహరణ చెప్పాను. ఎవరి ఇష్టంతో వారు ఎక్కాలి. జంటను విడదీయకూడదన్నది మా సేవకు మూలం గనుక, జంటలైతే ఇద్దరి సంతకాలూ ఉంటేనే రెండు సీట్లు.

పదకొండు గంటలకు సువార్త వచ్చింది. మామా అబాయా ఒకటి కప్పుకుని, పొరుగింటివారి కారులో వచ్చింది.

"మా ఇద్దరి పేర్లూ రాయండమ్మగారూ."

ఏసోబు ఎక్కడని అడిగాను.

"తెలీదండీ. కబురెట్టాను. అందితే పొద్దుటికి వచ్చేత్తాడు."

వచ్చి సంతకం పెడితే రాస్తానన్నాను. జాబితా సాయంత్రం నాలుగింటికి మూసేస్తానని కూడా చెప్పాను.

"ఆయన సంతకం నేనెట్టేత్తానండీ. నేర్పింది నేనే గదా."

ఆమె పెన్ను కోసం చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు. ఆమె ఒక్కతే వెళ్లదలిస్తే ఒక సీటు రాస్తానన్నాను. ఆమె చెయ్యి అలాగే చాపి ఉంచి నా ముఖం చూసింది.

"ఒకళ్ల తరపున ఒకళ్లు తేల్చెయ్యకూడదని రెండేళ్లబట్టీ మీరే చెప్పారు గదండీ. ఇప్పుడు ఆయన్నడక్కుండా నేనొక్కదాన్నీ ఎక్కెయ్యమంటారా?"

నియమం అందరికీ ఒకటేనని, ఆమెకు సడలిస్తే మిగిలినవారికి ఏం చెప్పాలని నేను అన్నాను. వెనుక వరుసలో ఇంకా పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు. ఆమె అబాయా సర్దుకుని వెళ్లిపోయింది. అయ్యగారు ఆమె వెనకే గుమ్మం దాకా వెళ్లి, తిరిగి వచ్చి కూర్చున్నారు. ఆయన గట్టిగా ఒక మాట అని ఉంటే బాగుండేదని చాలా ఏళ్లు అనుకున్నాను. అది న్యాయం కాదు. ఆ రోజు ఎవరు చెప్పినా నేను వినేదాన్ని కాను.

మరుసటి ఉదయం ఆరున్నరకు బస్సు కదిలింది. సంతకాలు పెట్టినవారిలో ఇద్దరు రాలేదు. యాభై మంది వెళ్లారు. రెండు సీట్లు ఖాళీ.

ఎనిమిదిన్నరకు ఏసోబు వచ్చాడు. తెల్లవారుజామున లారీని రోడ్డు పక్కన వదిలేసి షువైఖ్ నుంచి నడిచి వచ్చాడు. చొక్కా నిండా సిమెంటు దుమ్ము.

"ఎక్కిందాండీ?"

లేదన్నాను. ఎందుకు ఎక్కలేదో మొదటినుంచి వివరంగా చెప్పాను.

"నేను రాలేననే గదండీ ఆవిడొచ్చింది" అన్నాడు.

నేను మంచినీళ్లు ఇచ్చాను. మరో బస్సు వారంలో ఉండవచ్చని, ఆమెను ఎలాగైనా రప్పిస్తామని, హాలు వదిలి వెళ్లవద్దని చెప్పాను. అతను గ్లాసు బల్ల మీద పెట్టి, సబా అల్ సలేం వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె బస్సు ఎక్కి ఉంటే అతను ఆ దారిన పోయేవాడు కాదు. హాలులోనే ఉండి తరువాతి బస్సు ఎక్కేవాడు.

పేర్లు రాసినావా లేదా

ఇరవయ్యారో రోజున సువార్త ఉన్న ఇంటికి పద్నాలుగుసార్లు ఫోను చేశాను. ఇరవయ్యేడో రోజున పందొమ్మిదిసార్లు. ఇరవయ్యెనిమిదో రోజుకు ఆ లైను పూర్తిగా చచ్చిపోయింది. హాలు నుంచి గేటుకు నూట పన్నెండు అడుగులు. ఆ మూడు రోజులూ నేను చేసిన పని ఆ అడుగులు లెక్కపెట్టడం.

కబురు తెచ్చినవాడు ఓబులేసు. కడప జిల్లా మనిషి, మా సంఘం కాదు. నుదుట బొట్టు పెట్టుకుని అర్దియాలో ఒక రొట్టెల బట్టీ వ్యాను నడిపేవాడు. సైనికులకూ రొట్టె కావాలి కాబట్టి ఆ వ్యానును ఎవరూ ఆపలేదు. హాలులో తలదాచుకున్నవారికి రోజూ ఖుబూస్ రొట్టెలు దించి వెళ్లేవాడు. సువార్త, ఏసోబుల సంగతి హాలులో అందరికీ తెలిసినట్టే అతనికీ తెలుసు. ఇరవై తొమ్మిదో రోజున రొట్టెలు దించి, నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నీ మనుషులు సబా అల్ సలేంలోనే ఉండారు. రొట్టెల లైన్లో ఆ యమ్మ అగపడింది. ఆయప్పను చెక్‌పోస్టు కాడ లారీ యాడ పెట్టినావని బాగా కొట్నారంట. లేసి నడిసే స్థితిలో ల్యాడు."

ముప్పయ్యో రోజు శుక్రవారం. రెండో బస్సుకు జాబితా నాలుగింటికి మూయాలి. బస్సు మరుసటి ఉదయం ఆరింటికి అర్దియాలో, ఓబులేసు బట్టీ పక్కన ఉన్న మైదానం నుంచి బయలుదేరుతుంది. ఈసారి సంతకాల ఊసెత్తకుండా ఆ ఇద్దరి పేర్లూ రాసేద్దామని కూర్చున్నాను. అది వీలు కాలేదు. బస్సులు చూసే కమిటీవారికి నా మొదటి జాబితా బాగా నచ్చింది. గందరగోళం లేనిది ఇదొక్కటే అన్నారు. ఇకమీదట అన్ని జాబితాల్లోనూ సంతకం గడి ఉండాలని, సంతకం లేని పేరు కొట్టివేస్తామని నిర్ణయించి, నా కాగితాన్ని నమూనాగా గోడకు అంటించారు. ఇరవై ఆరేళ్లలో నా రాతపనికి దక్కిన ప్రశంస అదొక్కటే.

కాగితం తీసుకుని వెళ్లి ఇద్దరి సంతకాలు పట్టుకు రాగలవా అని ఓబులేసును అడిగాను.

"సంతకాలకు ఒగతూరి, మనుషులకు ఒగతూరి పోవాల్నా? మూడు చెక్‌పోస్టులు దాటాలక్కా. ఒగతూరి పొయ్యేదానికే నా గుండెకాయ నోట్లోకొస్తాంది" అన్నాడు. తరువాత గొంతు తగ్గించాడు. "పేర్లు రాసినావా లేదా, అది జెప్పు. రాసింటే పొద్దన్నే వ్యానులో ఏసుకోనొస్తా. ల్యాకుంటే వాళ్లను తెచ్చి యాడ పెట్టుకోను?"

టైము మూడు గంటల నలభై నిమిషాలు.

ముప్పై మూడో గడిలో సువార్త పేరు రాసి, ఆమె గుండ్రని 'సు'తో ఆమె సంతకం పెట్టాను. రెండేళ్ల శుక్రవారాలు ఆ అక్షరాలు చూసిన కళ్లు నావి; కష్టం కాలేదు. ముప్పై నాలుగో గడిలో ఏసోబు సంతకం మొదలుపెట్టాను. నా వెనుక ఎవరో నిలబడినట్టు తెలిసింది.

"ఆ బు కొమ్ము కొంచెం కిందికి దించు రత్నమ్మా" అన్నారు దానియేలు అయ్యగారు.

కాగితం వంక ఎన్నడూ చూడరని నేను అనుకున్న మనిషి ఆయన. దించాను. ఓబులేసు వైపు తిరిగి, రాశానని చెప్పాను.

ముప్పయ్యొకటో రోజు

ఉదయం ఆరింటికి కమిటీ మనిషి ఒకాయన బస్సు గుమ్మం దగ్గర నిలబడి పేర్లు పిలిచాడు. ముప్పై మూడు దగ్గర ఎవరూ పలకలేదు. ముప్పై నాలుగు దగ్గరా పలకలేదు. ఆయన జేబులోంచి పెన్సిలు తీశాడు. వస్తున్నారని చెప్పాను. ఎక్కడిదాకా వచ్చారని అడిగాడు. దగ్గరలోనే ఉన్నారన్నాను. నాకు ఏమీ తెలియదు. చేతిలో ఆధారం లేకుండా నేను హామీ ఇవ్వడం అదే మొదలు. ఆయన మిగిలిన పేర్లు పిలవడం పూర్తిచేసి, మళ్లీ ముప్పై మూడు దగ్గరికి వచ్చాడు.

ఆరూ ఇరవైకి వ్యాను వచ్చింది. ముందు సీట్లోంచి సువార్త దిగింది. ఓబులేసు వెనుక తలుపు తీసి, వరసగా రొట్టెల ట్రేలు కింద పెట్టాడు. వాటి వెనుక, పిండి సంచుల మధ్య ఏసోబు పడుకుని ఉన్నాడు. ఎడమ చెవి కింద మెడ వరకు నెత్తురు ఎండి నల్లగా ఉంది. ఇద్దరం పట్టుకుని దించాం.

కమిటీ మనిషి కాగితం వంక, అతని వంక చూశాడు. ఈ సంతకం ఇతనిదేనా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా సువార్త వంగి కాగితం చూసింది. ముప్పై మూడో గడి చూసింది, ముప్పై నాలుగో గడి చూసింది. తల ఎత్తి నన్ను చూడలేదు.

"ఆయనదేనండీ. నేనే నేర్పాను" అంది.

వాళ్లు ఎక్కారు. ఓబులేసు ట్రేలు తిరిగి వ్యానులోకి ఎక్కించుకుంటూ, "యల్లా, ఖలాస్, అయిపాయ. రొట్టెలు సల్లారిపోతాండాయి" అని తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ మనిషికి నేను ఆ రోజు సరిగా కృతజ్ఞత కూడా చెప్పలేదు. తరువాత అతను నాకు కనిపించలేదు.

రెండు కాగితాలు

మా హాలు చివరి బస్సులో నేను, అయ్యగారు బయలుదేరాం. దారిలో సోదాలు ఉంటాయని, పేర్లూ ఇళ్ల చిరునామాలూ ఉన్న రిజిస్టర్లన్నీ ముందురోజు ఆవరణలోనే కాల్చివేశాను. రెండు బస్సుల జాబితాల కార్బన్ కాపీలు మాత్రం లంగా మడతలో పెట్టి కుట్టుకున్నాను. యుద్ధం ముగిశాక తిరిగి కువైట్ వెళ్లి, అదే హాలులో, అదే బల్ల దగ్గర, పదవీ విరమణ దాకా పనిచేశాను. శుక్రవారపు గంటకు సంతకం నియమం అలాగే ఉంచాను. ఆ నియమం తప్పని నేను అనను. గడి ఖాళీగా కనిపిస్తే ఆ మనిషి కోసం వెతకాలన్నదే అందులో ఉన్న అర్థం. ఇరవైనాలుగో రోజున ఒక గడి ఖాళీగా కనిపించింది. నేను వెతకలేదు. జాబితా మూసేశాను.

ఆ అమ్మాయి ప్రశ్న విన్న నాటినుంచి ఆ రెండు కాగితాలూ ఇంట్లో ఉంచలేకపోయాను. పోయిన నెల పాలకొల్లు బస్సెక్కాను.

ఏసోబుకు ఎడమ చెవి వినబడదు. లారీ మళ్లీ నడపలేదు. రొయ్యల చెరువు దగ్గర కాపలా పని చేసుకుంటూ వచ్చాడు. సువార్త ఇప్పుడు అతని కుడి పక్కన కూర్చుంటుంది. నన్ను కూర్చోబెట్టి, చందువ వేయించి పెట్టింది. ఉప్పు సరిపోయిందా అని ఏసోబును అడిగి, నా వైపు చూసి నవ్వింది.

రెండో బస్సు కాగితం తీసి చూపించాను. ఆమె ముప్పై నాలుగో గడి మీద వేలు పెట్టి, "ఈ కొమ్ము ఆయన కొమ్ము కాదండీ. ఆయన ఇంత బాగా రాయడు" అంది. ఏసోబు కుడి చెవి ఇటు తిప్పి, ఏమంటున్నావని అడిగాడు. ఆమె గట్టిగా మళ్లీ చెప్పింది. అతనూ నవ్వాడు.

నేను పెన్ను తీశాను. రికార్డు సరిగా ఉండాలని, నా రాత పక్కన ఇద్దరూ తమ సంతకాలు పెట్టాలని అడిగాను. ఏసోబు పెన్ను అందుకున్నాడు.

సువార్త అతని చెయ్యి ఆపి, "మొదటి బస్సు కాగితం కూడా ఉందాండీ?" అంది.

ఇచ్చాను. యాభై రెండు పేర్ల మీదుగా పైనుంచి కిందికి వేలు జరుపుకుంటూ చదివింది. రానివారిద్దరి పేర్ల పక్కన నేను పెట్టిన సున్నాల దగ్గర కొంచెం ఆగింది. చివరిదాకా చదివి, రెండు కాగితాలనూ పాత మడతల మీదే మడిచి, పెన్నుతో సహా నా చేతిలో పెట్టింది.

"రెండూ ఎలాగున్నాయో అలాగే ఉంచండమ్మగారూ" అంది.

ఉంచాను. దొంగ సంతకాలున్న కాగితం నా తప్పు అని పాఠానికి వచ్చిన ఆ అమ్మాయి అనుకోవచ్చు. ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానం రెండో కాగితంలో లేదు. అన్ని సంతకాలూ నిజమైనవిగా ఉన్న మొదటి కాగితంలో ఉంది.